తోక దగ్గర ఆగిన రంగు

మా వదిన కుడికాలి బొటనవేలి చుట్టూ ఉంగరంలా ఒక మచ్చ ఉంటుంది. చలికి నల్లబడుతుంది, నీళ్ళలో ఎక్కువసేపు నిలబడితే పాలిపోతుంది. ఊరికే అడిగేవాళ్ళకి "ఎలుక కొరికింది" అని చెబుతుంది. నిజంగా వినే తీరిక ఉన్నవాళ్ళనైతే లాడ్జి భోజనాల గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపిస్తుంది. ఆ గోడ మీద, చలిమంట గూటికి పైన, చెక్కకి బిగించిన చేప ఉంటుంది. మనిషి రెండు చేతులూ బార చాపినా దాని తల నుంచి తోక దాకా అందదు. దాన్ని పట్టింది మా వదిన. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పోయిన వేసవి నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు వేరేలా విని వస్తున్నారు.

రోడ్డు ఆగిపోయిన చోట, అడవి లోపల, సరస్సు ఒడ్డున ఉంటుంది ఆ లాడ్జి. వేసవిలో చేపలు పట్టడానికీ, మంచె ఎక్కి జంతువుల్ని చూడడానికీ జనం వస్తారు. మిగతా కాలమంతా మా అన్నయ్య, వదిన తప్ప అక్కడ మనుషులుండరు. అన్నయ్య పడవలు చూస్తాడు. వంట, గదులు వదినవి. వేసవికి తలుపులు తెరిచే ముందు పని ఇద్దరి వల్లా కాదు కాబట్టి ఏటా నేను వెళ్తాను. నాది కుట్టుపని. పరుపులకి గలీబులు, కిటికీలకి తెరలు, ఎలుకలు కొరికిన దుప్పట్లకి అతుకులు నా వంతు.

వదిన కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు జరిగింది ఆ చేప సంగతి. అప్పటి యజమానిని అందరం పెద్దయ్యగారు అనేవాళ్ళం. చేపల పిచ్చి మనిషి. ఆ రోజు అన్నయ్యకి జ్వరం. పడవ నడిపేవాడు లేడని పెద్దయ్యగారు ముఖం వేలాడేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడితే, వదిన గిన్నెలు తోముతున్న చేతులు తుడుచుకుని "పదండి, నేను నడుపుతాను" అంది. ఆమె పుట్టిల్లు కూడా సరస్సు ఒడ్డునే. అక్కడి ఆడవాళ్ళు పడవ నడిపేటప్పుడు గాలం దారం కాలి బొటనవేలికి చుట్టుకుంటారు. చేతులు రెండూ తెడ్ల మీద ఉంటాయి కాబట్టి చేప కొరికిందని చెప్పడానికి కాలే మిగులుతుంది. కూరకి చేపలు దొరుకుతాయని వదిన తన దారం తను చుట్టుకుని తెడ్లు అందుకుంది.

పెద్దయ్యగారు మంచి గాలపుకర్ర పట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చుని, చివరికి టోపీ ముఖం మీద కప్పుకుని నిద్రపోయారు. పడవ ముక్కు దగ్గర ఆయన కొడుకు, అప్పటికి బళ్ళో చదివే పిల్లవాడు, నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ కూర్చున్నాడు. చేప వదిన దారానికి తగిలింది.

కాలు ఒక్క గుంజుతో పడవ అంచుకి కొట్టుకుంది. ఒక తెడ్డు జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. దారం వేలిని కోసుకుంటూ లోపలికి దిగింది. వదిన దాన్ని చేతులకి అందుకుని, వెనక్కి వాలి, లాగింది. పెద్దయ్యగారు లేచి పట్టుకున్నది చేపని కాదు, వదిన భుజాల్ని, ఆమె నీళ్ళలో పడిపోకుండా. పడవంతా నెత్తురు. పిల్లవాడు ఏడుస్తూనే జేబులోంచి నీలం గళ్ళ రుమాలు తీసి ఆ వేలికి కట్టాడు. ఆ రోజు నుంచే వదినని తెడ్డక్క అనడం మొదలుపెట్టాడు. పోయిన తెడ్డు గుర్తుగానో, వంటింట్లో ఎప్పుడూ ఆమె చేతిలో ఉండే తెడ్డుని చూసో మరి. ఆ పేరు ఆమెకి అతుక్కుపోయింది.

పెద్దయ్యగారు గొప్ప మనిషని నేను చెప్పను. కూరలో ఉప్పు తగ్గితే మాట్లాడకుండా కంచం జరిపేసేవారు. కానీ చేప దగ్గర మాత్రం మాట తప్పలేదు. దాని తోలులో పీచు కూరించి గోడకి పెట్టించారు. వచ్చినవాళ్ళు ఎవరు పట్టారని అడిగితే వంటింటి వైపు కేకేసేవారు. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. "నేను నిద్రపోతుంటే పట్టింది ఈవిడ. నేను చేసిన సాయమల్లా ఈవిడని పట్టుకోవడమే" అని ఆయనే నవ్వేవారు. కింద బోర్డు పెట్టిద్దామని ఎవరో అంటే, "బోర్డెందుకయ్యా, మనిషే ఉందిగా" అన్నారు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

ఆయన పోయాక కొడుకు, అంటే చిన్నయ్యగారు, ఊళ్ళో ఉండి లాడ్జి నడిపిస్తున్నారు. పోయిన వేసవికి ముందు ఒక కొత్త మేనేజర్ని పంపారు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. వచ్చిన రోజే వదినని ఆంటీ అన్నాడు.

"నన్ను తెడ్డక్క అంటారు బాబూ" అంది వదిన.

"అలాగే ఆంటీ" అన్నాడు.

లాడ్జి తెరిచే ముందు రోజుల్లో పని ఎలా ఉంటుందో చూస్తే తప్ప తెలీదు. మూసి ఉంచిన గదుల తలుపులు ఉబ్బిపోయి భుజంతో తోస్తే గానీ రావు. పరుపుల్లో ఎలుకలు పిల్లలు పెట్టి ఉంటాయి. కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత తుప్పు, చాలాసేపటికి నీళ్ళు. రేవు చెక్కల మీద నీటికుక్కలు శీతాకాలమంతా కూర్చుని చేపలు తిని, అక్కడే అన్నీ కానిచ్చి ఉంటాయి. వదిన మోకాళ్ళ మీద కూర్చుని గోకుతుంది. "వీటిని చూడ్డానికే జనం అంత దూరం నుంచి వస్తారు. ఇంత దగ్గరగా చూసే భాగ్యం మాత్రం నాదే" అంటుంది. అన్నయ్య పడవలు బోర్లించి, చీలికల్లో పీచు కుక్కి, తారు పూస్తాడు. మంచె మెట్లకి కొత్త మేకులు కొడతాడు. నేను వరండాలో మిషను పెట్టుకుని కుడుతూనే ఉంటాను.

చేప పని అన్నిటికంటే చివరిది. చలికాలపు చెమ్మకి దాని రంగు వెలిసిపోయి బూడిదలా తయారవుతుంది. వదిన నిచ్చెన వేసుకుని, మెత్తటి కుంచెతో ముందు పొలుసుల మధ్య దుమ్ము దులిపి, తల నుంచి మొదలుపెట్టి రంగు వేసుకుంటూ వస్తుంది. వీపున పచ్చ, పక్కన బంగారు రంగు, పొట్ట కింద పాలమీగడ రంగు. ఆ పని చేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడదు.

నేను కింద నిచ్చెన పట్టుకుని ఉండగా మేనేజరు ఒక బోర్డు పట్టుకుని వచ్చాడు.

"ఆంటీ, ఒక్క నిమిషం."

"నిచ్చెన మీదున్న మనిషిని పిలవకు బాబూ. పడితే వంట నువ్వే చెయ్యాలి."

అతను నవ్వి, బోర్డు పైకెత్తి చదివాడు. ఈ లాడ్జి వ్యవస్థాపకులు ఈ సరస్సులో ఒంటరిగా పోరాడి, తమ గాలపుకర్రతో పట్టిన మహామత్స్యం.

"ఏదీ, మళ్ళీ చదువు" అంది వదిన.

ఇంకా స్పష్టంగా చదివాడు.

"ఒంటరిగానా? మరి పడవ ఎవరు నడిపారట? చేపే నడుపుకుంటూ వచ్చిందా?"

నేను నవ్వాను. సరదాకి అందనుకుని అతనూ నవ్వాడు. "అతిథులకి అలా ఉంటేనే బాగుంటుంది ఆంటీ. పక్కన అద్దాల పెట్టెలో పెద్దాయన గాలపుకర్ర కూడా పెడుతున్నాం. ఇంకో సంగతి. మొదటి రోజు సాయంత్రం భోజనాలయ్యాక ఈ కథ మీరే చెప్పాలి. మీరు ఆయన్ని దగ్గరగా చూశారు కదా, మీ నోటి వెంట వస్తే నమ్మకంగా ఉంటుంది. చిన్నయ్యగారే మీచేత చెప్పించమన్నారు."

"ఏ కథ?"

"ఇదే. బోర్డు మీది."

వదిన అప్పటికి తల, మొప్పలు, పొట్ట పూర్తిచేసి తోక వైపు రాబోతోంది. కుంచె గుడ్డకి తుడిచింది. రంగు గిన్నెల మీద మూతలు పెట్టింది. నిచ్చెన దిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఇంకా నిచ్చెన పట్టుకునే ఉన్నాను.

సాయంత్రం వంటింట్లో ముగ్గురం కూర్చున్నాం. అన్నయ్య చేతుల తారు కిరసనాయిల్‌తో తుడుచుకుంటూ, "ఎవరు పట్టారో నీకు తెలుసు, నాకు తెలుసు. ఎందుకు రాద్ధాంతం?" అన్నాడు.

"నీకేం తెలుసు? నీకా రోజు జ్వరం. నువ్వు మాట్లాడకు" అంది వదిన.

"అసలు నీ జ్వరంతోనే వచ్చింది అన్నయ్యా ఇదంతా" అన్నాను.

"చూడు, ఆడపడుచు అన్నాక అన్న వైపు ఉండాలి. నువ్వేంటి అటు చేరావ్?"

"నువ్వెటు ఉన్నావో చెబితే అటు ఉంటాను."

అన్నయ్య గుడ్డ పక్కన పడేశాడు. "నేను ఈ కప్పు కింద ఉన్నాను. మీ ఇద్దరూ కూడా దీని కిందే ఉన్నారు. ఆయన వద్దంటే ఈ వయసులో మనకి ఇంకో సరస్సు ఎక్కడుంది? రెండు ముక్కలు చెప్పేస్తే పోతుంది కదా. నోరు అరిగిపోతుందా?"

పొయ్యి మీద నీళ్ళు మరిగి మూత ఎగురుతోంది, వదిన దాన్ని దింపలేదు.

"బోర్డు పెట్టుకుంటే పెట్టుకోనీ. గోడ వాళ్ళది, మేకు వాళ్ళది. అబద్ధం చెప్పుకుంటే వాళ్ళ నోటితో చెప్పుకోనీ. నాచేత చెప్పించడం ఏమిటి? ఇన్నేళ్ళూ వండాను, ఊడ్చాను, నీటికుక్కల పెంట గోకాను. అదంతా నా పని, చేశాను. నా నోరు కూడా గదులతో పాటు వాళ్ళదేనా?"

అన్నయ్య లేచి నీళ్ళు దింపాడు.

"అయినా ఆ మేనేజరుకి తెలీదు పాపం" అంది వదిన, కాస్త తగ్గి. "చిన్నయ్యగారు రానీ. ఆయనకి తెలుసు. పడవలో ఉన్నాడు కదా."

ఆ మాట మీదే ఆమె మిగతా పనంతా చేసింది. మంచాలు సర్దింది, దూరదర్శినుల అద్దాలు తుడిచి మంచె దగ్గర పెట్టెలో పెట్టింది, చలిమంట గూట్లో కట్టెలు పేర్చింది. చేప జోలికి మాత్రం పోలేదు.

లాడ్జి తెరవడానికి ముందురోజు చిన్నయ్యగారు వచ్చారు. కారు దిగి తిన్నగా వంటింట్లోకే వచ్చారు, చిన్నప్పటి అలవాటు. "తెడ్డక్కా, వాసన మలుపు దగ్గరికే కొట్టింది" అంటూ కంచం తనే తీసుకున్నారు. నిలబడే తింటున్నారు. వదిన వడ్డిస్తూ వడ్డిస్తూ అడిగింది.

"బాబూ, ఆ బోర్డు నువ్వే రాయించావా?"

"బాగుందా?"

"చేప నేను పట్టాను కదా."

ఆయన నవ్వారు. తప్పు చేసినవాడి నవ్వు కాదు, చిన్నపిల్లల్ని సముదాయించే నవ్వు. "కాదన్నదెవరక్కా? మనింట్లో మనకి తెలుసు, చాలదా? బయటివాళ్ళు అంత దూరం నుంచి వచ్చేది కథ కోసం. లాడ్జి కట్టిన మనిషి పట్టాడంటే దానికో బరువుంటుంది. అదే వంట... నువ్వు వేరేగా అనుకోకు."

"వంటమనిషి పట్టిందంటే బరువు తగ్గుతుందా? చేప అదేగా."

"అబ్బ, నీతో మాట్లాడలేం."

"నువ్వు పడవలో ఉన్నావు బాబూ. అందుకని అడుగుతున్నాను. మేనేజర్ని అడగలేదు, నిన్ను అడుగుతున్నాను."

"అప్పటికి నేనెంత వాణ్ణి అక్కా. నాకు సరిగా గుర్తు కూడా లేదు."

"రుమాలు?"

"ఏ రుమాలు?" అన్నారాయన కంచంలోకి చూస్తూ.

ఆయన తినడం పూర్తికాలేదు. వదిన ఆయన చేతిలోంచి కంచం తీసుకుని తొట్టిలో పెట్టేసింది. తింటున్న మనిషి ముందు నుంచి ఆమె కంచం తియ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఈయన తండ్రి కంచం జరిపితే ఉప్పు పట్టుకుని పరిగెత్తిన మనిషి. చిన్నయ్యగారు ఎంగిలి చెయ్యి గాలిలో పెట్టుకుని కాసేపు నిలబడి, కుళాయి దగ్గర కడుక్కుని వెళ్ళిపోయారు.

తెల్లవారి మేనేజరు భోజనాల గదిలో అద్దాల పెట్టె సర్దుతూ తలెత్తి చూసి అదిరిపడ్డాడు. చేప ముందు సగం ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు మెరుస్తోంది. వెనక సగం బూడిద కొట్టుకుపోయి ఉంది.

"ఆంటీ, తోక మిగిలిపోయింది."

"నేను వెయ్యాల్సింది వేశాను."

అతను అన్నయ్య దగ్గరికి పరిగెత్తాడు. అన్నయ్య రేవులో పడవలు కడుతున్నాడు. నేను అక్కడే దిండ్ల గలీబులు ఆరేస్తున్నాను.

"మీ దగ్గర రంగు డబ్బాలున్నాయి కదా, కాస్త ఆ తోకకి పూసేద్దురూ."

అన్నయ్య తాడు ముడి బిగించి, "రంగు అయిపోయిందండీ" అన్నాడు.

పడవల పాకలో గోడ పొడుగునా డబ్బాలున్నాయి, కొన్నిటికి మూత కూడా తియ్యలేదు. నేను అన్నయ్య వైపు చూశాను. అతను నా వైపు చూడకుండా ఇంకో ముడి వేశాడు.

సాయంత్రానికి లాడ్జి నిండింది. వదిన వండింది, నేను అందించాను. భోజనాలు అయ్యాక మేనేజరు లేచి చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. "ఇప్పుడు మీ అందరికీ ఈ చేప కథ. చెప్పేది మన తెడ్డక్క." అతను ఆ పేరు వాడడం అదే మొదలు.

వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులు తడిగానే ఉన్నాయి. అంతా కుర్చీలు తిప్పుకున్నారు.

"నాకంటే బాగా చెప్పేవారు ఇక్కడే ఉన్నారండీ" అంది మామూలు గొంతుతో. "ఆ రోజు చిన్నయ్యగారు ఆ పడవలోనే ఉన్నారు. చేప పట్టిన మనిషికి, ఇదిగో, ఇంత దగ్గరగా కూర్చున్నారు. వారు చెబితే నేనూ వింటాను."

చప్పట్లు మొదలయ్యాయి. చిన్నయ్యగారు లేవక తప్పలేదు. లేచి ఒకసారి వదిన వైపు చూశారు. ఆమె పక్కకి తప్పుకోలేదు, చూపు దించలేదు. నాకు అప్పుడు ఆశ కలిగింది. ఇంత ఎదురుగా నిలబడితే ఏ మనిషైనా నిజం చెబుతాడనుకున్నాను.

ఆయన చెప్పారు. చాలా బాగా చెప్పారు. మంచు పట్టిన సరస్సు, తండ్రి ఓర్పు, వంగిపోయిన గాలపుకర్ర. ఒక తెడ్డు నీళ్ళలో కొట్టుకుపోవడం కూడా చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, "దారం మా నాన్న అరచేతిని కోసేసింది. పడవంతా నెత్తురు. నా జేబులో నీలం గళ్ళ రుమాలు ఉంది. ఏడుస్తూనే కట్టాను" అన్నారు.

ముందు బల్ల దగ్గర ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

గుర్తులేకపోతే మనిషినేం అనలేం. ఈయనకి తెడ్డు గుర్తుంది, రుమాలు గుర్తుంది, దాని గళ్ళ రంగు గుర్తుంది. అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి, నెత్తురు ఒక్కటీ మా వదిన కాలి నుంచి తీసి తండ్రి చేతికి పూశాడు. అదీ ఆమె ముందే. చేతిలో గ్లాసులు పగలకొట్టేస్తానేమోనని పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

వదిన చివరి మాట దాకా విని, అందరితో పాటు చప్పట్లు మాత్రం కొట్టకుండా, కంచాలు తియ్యడానికి వచ్చింది. ఒక ముసలాయన కళ్ళజోడు సవరించుకుని చేపని చూస్తూ అడిగాడు.

"ఏమ్మా, తోక వైపు రంగు లేదేం?"

"ఈ చేపకి రంగు వేసేది పట్టినవాళ్ళేనండీ. మొదటి నుంచీ అంతే" అంది వదిన, కంచం మీద కంచం పేరుస్తూ. "ఇక్కడిదాకా నేను వేశాను. మిగతాది ఎవరు పట్టారో వాళ్ళు వేసుకుంటారు."

ముసలాయన ఆమె వైపు చూశాడు. తర్వాత చిన్నయ్యగారి వైపు చూశాడు. చిన్నయ్యగారు ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయి కింద పెట్టారు. వదిన కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళింది. తోముతున్న చప్పుడు భోజనాల గదికి వినిపిస్తూనే ఉంది.

పొద్దున ఫలహారాల వేళకి చిన్నయ్యగారి కుర్చీ ముందు కంచం పక్కనే రంగు గిన్నెలు, కుంచె, తుడుచుకోవడానికి గుడ్డ ఒక పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. మూతలు కూడా తీసి పెట్టింది వదిన. ఆయన గుమ్మంలోంచే చూసి, ఊళ్ళో పనుందని మేనేజరుతో చెప్పి, తినకుండా కారెక్కారు. వదినని పనిలోంచి తియ్యలేదు. తీస్తే ఎందుకు తీశావని ఆయన్ని అడిగే మనిషి ఎవరో ఉంటాడని భయమేమో. ఉంటే ఆ మనిషి ఎవరో నాకు తెలీదు. నేను మాత్రం ఈ కథ చెబుతున్నాను.

బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. ఒంటరిగా అన్న మాట మీద మేనేజరు ఎప్పుడో ఒక కాగితం ముక్క అతికించాడట, ఎవరూ చెప్పకుండానే. ఈ ఏడు పనికి వెళ్ళినప్పుడు చూశాను. చేప తల వైపు వదిన మళ్ళీ కొత్త రంగు వేస్తోంది. పొట్ట దాటి తోక దగ్గరికి రాగానే కుంచె గుడ్డకి తుడిచేసింది. దుమ్ము కూడా అక్కడిదాకానే దులుపుతుంది. వెనక సగం మీద బూజు పట్టి, ఒక సాలీడు గూడు కూడా పెట్టింది.

"అదైనా తీసెయ్యకూడదూ" అన్నాను నిచ్చెన పట్టుకుని.

"అది నాది కాదమ్మాయ్" అంది వదిన. "నిచ్చెన సరిగ్గా పట్టుకో, దిగుతున్నాను."